ముస్తాబైతేనే ముద్ద!

ముందే డబ్బు కట్టించుకున్న భోజనానికి, బట్టలు చూసి లోపలికి పంపే హక్కు ఎవరికైనా ఉంటుందా? ఉంటుందని విహార నౌకల కంపెనీలు చాలాకాలంగా నమ్ముతున్నాయి, మనచేత నమ్మిస్తున్నాయి. క్రూజ్ టిక్కెట్టు కొన్నవాళ్ళకు వచ్చే కాగితాల్లో పాస్‌పోర్టు, వీసా, మందుల సంగతులతో పాటు ఇంకో పేజీ ఉంటుంది. ఏ సాయంత్రం ఏం తొడుక్కోవాలో చెప్పే పేజీ. వారం రోజుల ప్రయాణంలో మామూలుగా రెండు రాత్రులు 'ఫార్మల్ నైట్స్'. ఆ రాత్రుల్లో పెద్ద భోజనశాలకు వెళ్ళాలంటే మగవాళ్ళు సూటూ టై, కుదిరితే టక్సీడో. ఆడవాళ్ళు ఈవెనింగ్ గౌనో కాక్‌టెయిల్ డ్రెస్సో వేసుకోవాలి. కొన్ని కంపెనీలు దీన్ని సలహాలా చెప్తాయి, కొన్ని షరతులా పెడతాయి. కునార్డ్ లాంటి పాతకాలపు కంపెనీ 'గాలా ఈవెనింగ్' అని పేరుపెట్టి, సాయంత్రం ఆరు దాటాక ఓడలో చాలా భాగానికి ఈ నియమం వర్తింపజేస్తుంది. ముస్తాబు ఇష్టంలేని వాళ్ళకు బఫే, పబ్బు లాంటి కొన్ని చోట్లు వదిలిపెడుతుంది. అంటే ఆకలితో ఎవర్నీ మాడ్చరు. వేరే పంక్తిలో కూర్చోబెడతారు, అంతే. పంక్తిభేదం అంటే ఏమిటో మన తెలుగువాళ్ళకు ఎవరూ కొత్తగా వివరించక్కర్లేదు.

సముద్రం మీద షికారుకెళ్ళేవాళ్ళు ఏం కట్టుకుంటే మనకెందుకు, ఇన్ని సమస్యలుండగా ఇదో సమస్యా అని అడిగే మిత్రులుంటారు. రెండు కారణాలు చెప్తాను. ఒకటి, ఆ ఓడలెక్కేది కోటీశ్వరులే కాదు. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని అమెరికా వెళ్ళిన మన రిటైర్డు టీచర్లు, గుమాస్తాలు, ఇంట్లోనే జీవితం గడిపిన తల్లులు కూడా పిల్లలు సరదాపడి టిక్కెట్టు కొంటే ఎక్కుతున్నారు. 2022 జూన్‌లో కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. కాబట్టి ఇది మరీ ఎక్కడిదో కాదు. రెండోది అసలు కారణం. ఆడవాళ్ళ బట్టల మీద ఉండే నియమాలన్నీ ఎప్పుడూ ఏదో ఒక ముసుగులో వస్తాయి. మతం, సంప్రదాయం, భద్రత, వృత్తి గౌరవం... ఏదో ఒకటి. ఈ ఓడ నియమానికి అలాంటి ముసుగేమీ లేదు. 'చూడటానికి బాగుంటుంది' అన్నదొక్కటే దాని కారణం. ముసుగు లేదు కాబట్టి దాని ముఖాన్ని ఇక్కడ స్పష్టంగా చూడొచ్చు.

"మగవాళ్ళకూ ఉంది కదా నియమం, ఇందులో ఆడా మగా ఏముంది?" ఇది మొదటి వాదన. చాలామంది ఆడవాళ్ళే చేస్తారు కూడా. నిజమే, రాతలో ఇద్దరికీ ఒక్కో వాక్యం ఉంది. కానీ ఆ రెండు వాక్యాల బరువు ఒకటేనా? టక్సీడోకి ఆ పేరు వచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలోని టక్సీడో పార్క్ నుంచి. 1886లో అక్కడ డబ్బున్న మగవాళ్ళు పెట్టుకున్న క్లబ్బు పేరు మీద ఆ కోటు ప్రచారంలోకి వచ్చింది. అప్పటినుంచి దాని నలుపు నలుపే, తెలుపు తెలుపే. ఒక కోటు కొంటే, లేకపోతే అద్దెకు తెచ్చుకుంటే, రెండు రాత్రులూ గడిచిపోతాయి. పక్కవాడూ అదే వేసుకుంటాడు గనక ఎవరూ ఎవర్నీ చూడరు. మగవాడి ముస్తాబు గుంపులో కలిసిపోవడానికి. ఆడదాని ముస్తాబు గుంపులోంచి విడిగా కనబడడానికి. మొన్నటి గౌను ఇవాళ వెయ్యకూడదు. గౌనుకు తగ్గ చెప్పులు, చెప్పులకు తగ్గ సంచీ, వాటన్నిటికీ తగ్గ జుట్టూ ముఖమూ కావాలి. విమానంవాళ్ళు సామానుకిచ్చే కిలోలు మాత్రం ఇద్దరికీ సమానం! భార్య ఒంటిమీది ఖరీదు భర్త సంపాదన చాటే ప్రకటన అని థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే విశ్లేషించాడు. ఇప్పుడు ఆ భార్య తన జీతంతోనే ఆ ప్రకటన కొనుక్కుంటోంది, అంతే తేడా.

నియమం ఎవరికి గుచ్చుకుంటే ప్రపంచం ఎంత వేగంగా కదులుతుందో కూడా చూద్దాం. 2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరిని, పంచె కట్టుకొచ్చారని చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బులోకి రానివ్వలేదు. నెల తిరిగేసరికి, ఆగస్టులోనే, అలా అడ్డుకోవడం కుదరదని తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. మంచిదే, చెయ్యాల్సిందే. లండన్‌లో 2015 చివర్లో ఒక రిసెప్షనిస్టును ఎత్తుమడమల చెప్పులు వేసుకోలేదని మొదటిరోజే ఇంటికి పంపేశారు. ఆమె పెట్టిన అర్జీ మీద లక్షన్నర మంది సంతకాలు చేశారు. 2017లో పార్లమెంటు చర్చించింది. చివరికి ప్రభుత్వం తేల్చింది, ఉన్న చట్టాలు చాలు, కొత్తవి అక్కర్లేదని. అదే 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు భోజనశాలలో అతిథిగా వచ్చి కూర్చున్న ఒక ఖాసీ స్త్రీని లేచిపొమ్మన్నారు. ఆమె కట్టుకున్నది తన జాతి సంప్రదాయ దుస్తులైన జైన్‌సెమ్. పనిమనిషిలా ఉందన్నారు. ఆమె కోసం ఏ శాసనసభా నెల రోజుల్లో చట్టం చెయ్యలేదు. న్యాయమూర్తి పంచెకు ఒక విలువ, ఆదివాసీ స్త్రీ బట్టకు ఒక విలువ. డ్రెస్ కోడ్ అనేది బట్టను చూడదు, బట్టలో ఉన్న మనిషిని చూస్తుంది.

ఇది మా ఇంట్లో ఎలా జరిగిందో చెప్తాను. మా అక్కావాళ్ళు డాలస్‌లో ఉంటారు. ఒక వేసవిలో అమ్మా నేనూ అక్కడున్నప్పుడు అందరం గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రోజుల ఓడ ప్రయాణానికి వెళ్ళాం. అమ్మ ముప్ఫై ఏళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. నాన్న పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ అమ్మ పట్టుచీర కట్టలేదు. కట్టొద్దని ఎవరూ నోటితో అనలేదు. పెళ్ళిళ్ళలో పసుపు కుంకుమ పళ్ళెం అమ్మ దగ్గరికొచ్చేసరికి పక్కకు తిరిగేది. పెద్దత్తయ్య ఒకసారి అమ్మ చీర అంచును వేళ్ళతో తడిమి, "ఎందుకే ఇంత అంచు నీకిప్పుడు?" అంది. అంతే. అంతకంటే ఎవరూ ఏమీ అననక్కర్లేదు.

ఓడవాళ్ళ కాగితంలో 'జాతీయ దుస్తులు' కూడా ఫార్మల్ కిందికే వస్తాయని రాసుంది. అక్క అమ్మ పెట్టెలో పట్టుచీర పెట్టింది. మొదటి ఫార్మల్ రాత్రి అమ్మ ఆ చీర కట్టుకుంది. లిఫ్టు అద్దంలో తనని తాను చూసుకుని కొంగు సర్దుకోవడం నేను చూశాను. భోజనశాల గుమ్మంలో మేనేజరు నమస్కారం పెట్టి మరీ లోపలికి తీసుకెళ్ళాడు. ఎవరో ముసలి దంపతులు ఫోటో తీసుకుంటామన్నారు. అమ్మ నవ్వింది. నాకూ సంతోషమేసింది.

రెండో ఫార్మల్ రాత్రికి అమ్మ మోకాళ్ళు వాచిపోయాయి. మంగళగిరి నేతచీర కట్టుకుని, ఎప్పుడూ వేసుకునే ఎమ్.సి.ఆర్. చెప్పులతో బయల్దేరింది. గుమ్మంలో వేరే కుర్రాడున్నాడు. చీర వైపు, కాళ్ళ వైపు చూశాడు. చాలా మర్యాదగా, చాలా ఇబ్బంది పడుతూ, "ఈ రాత్రి ఫార్మల్ కదా మేడమ్, పైన బఫే తెరిచే ఉంది" అన్నాడు. అక్క వాదించబోయింది. అమ్మ వద్దంది. నేనూ అమ్మా పైకెళ్ళాం. కూర్చున్నాక అమ్మ అన్న మాట ఇది. "మనవాళ్ళు పట్టు కట్టొద్దన్నారు. వీళ్ళు కట్టి రమ్మన్నారు. నాకేం కట్టుకోవాలనుందో ఎవరూ అడగరేమే?"

చీర అయితే జాతీయ దుస్తులే కదా? నాలుగు రోజుల్లో జాతి మారిపోయిందా? మారలేదు. జరీ ఉన్నంతవరకే అది జాతీయం. మంగళగిరి మగ్గం మీద నేసిన నూలుబట్ట ఎంత మనదైనా గుమ్మం దాటలేదు. మన బట్టకు వాళ్ళిచ్చే గౌరవం అది ఎంత మెరుస్తుందన్నదాన్ని బట్టే.

ఇక్కడ ఫార్మల్ నైట్ సమర్థకులు నన్ను పట్టుకుంటారని తెలుసు. "చూశారా, ఆ నియమమే లేకపోతే మీ అమ్మ పట్టుచీర కట్టుకునేదా? ఆ సంతోషం ఇచ్చింది మేమే కదా" అంటారు. ఈ వాదనను తేలిగ్గా తీసెయ్యను. వంటింట్లో, ఆఫీసులో, బస్సుల్లో నలిగిపోయే ఎందరో ఆడవాళ్ళకు సింగారించుకోవడానికి ఒక సాయంత్రం దొరకడం చిన్న విషయం కాదు. ముస్తాబు చేసుకునే ఆడవాళ్ళందరూ పితృస్వామ్యం చేతిలో కీలుబొమ్మలని నేనెప్పుడూ అనుకోలేదు. మన సమాజంలో విధవలకు అలంకారం నిషేధించినవాళ్ళు, ఆ అలంకారంలో ఎంత జీవం ఉందో మనకంటే బాగా తెలిసినవాళ్ళే. అందుకే నిషేధించారు.

కానీ ఆ రాత్రి జరిగిందేమిటి? బంధువుల ఆంక్షను కంపెనీ ఆజ్ఞ కొట్టేసింది. కట్టొద్దు అనే మాట స్థానంలో కట్టాలి అనే మాట వచ్చింది. అనుమతి ఇచ్చే చెయ్యి మారింది గానీ, అనుమతి అవసరం పోలేదు. పోయిందనుకున్నవాళ్ళకు రెండో రాత్రి మోకాలి నొప్పి జవాబు చెప్పింది. సింగారం స్త్రీ హక్కు. సరిగ్గా అందుకే అది ఎవరికీ ఆమె చెల్లించాల్సిన పన్ను కాకూడదు. ఇష్టం ఎప్పుడైతే షరతు అవుతుందో, అప్పుడు నిజంగా ఇష్టపడి కట్టుకున్నవాళ్ళ ఇష్టం కూడా కనబడకుండా పోతుంది. అందరూ కట్టుకోక తప్పని చోట, ఎవరు మనసుపడి కట్టుకున్నారో ఎలా తెలుస్తుంది?

రెండో వాదన సంప్రదాయం. ఓడ ప్రయాణమంటేనే ఆ పాతకాలపు హుందాతనం అంటారు. ఏ పాతకాలం? 1912లో టైటానిక్ మొదటి తరగతిలో రాత్రి భోజనానికి దుస్తులు మార్చుకుని రావడం మర్యాద. అదే ఓడలో కింది అంతస్తుల్లో మూడో తరగతి ఉంది, ఆ మర్యాద ఎవరెక్కడుండాలో గుర్తుచెయ్యడానికే ఉంది. బ్రిటిష్ విచారణ లెక్కల ప్రకారం మొదటి తరగతి స్త్రీలు 144 మందిలో 140 మంది బతికారు, మూడో తరగతి స్త్రీలు 165 మందిలో 76 మందే బతికారు. గౌనుల వల్ల వాళ్ళు బతికారనడం లేదు. గౌనులు ఏ వ్యవస్థకు గుర్తో ఆ వ్యవస్థ ప్రాణాల్ని కూడా తరగతుల వారీగానే లెక్కపెట్టిందంటున్నాను. ఆ కాలాన్ని తలుచుకుని మురిసేటప్పుడు ఈ అంకెలు కూడా తలుచుకోవాలి. పైగా ఈ సంప్రదాయాన్ని కంపెనీలే అక్కర్లేనప్పుడు వదిలేస్తున్నాయి. నార్వేజియన్ క్రూజ్ లైన్ 2000లో 'ఫ్రీస్టైల్' అని మొదలుపెట్టి తప్పనిసరి ఫార్మల్ రాత్రుల్ని తీసేసింది. సెలబ్రిటీ క్రూజెస్ 2015 చివర్లో ఫార్మల్ నైట్‌కి స్వస్తి చెప్పి కొంచెం సడలించిన వేరే పేరు పెట్టుకుంది. ఆ కారణంగా ఆ ఓడలేవీ మునిగిపోలేదు.

మూడో వాదన వినడానికి చాలా సంస్కారంగా ఉంటుంది. "వండి వడ్డించే సిబ్బందికి గౌరవంగా మనం మంచి బట్టలు వేసుకోవాలి" అంటారు. సిబ్బంది గౌరవం సంగతి మాట్లాడదాం, తప్పకుండా. ఆ గుమ్మంలో నిలబెట్టింది ఎవర్ని? ఫిలిప్పీన్స్ నుంచో, ఇండోనేషియా నుంచో, మన దేశం నుంచో నెలల తరబడి ఇల్లు వదిలి వచ్చిన కుర్రాళ్ళని, అమ్మాయిల్ని. కంపెనీ పెట్టిన నియమానికి పోలీసు పని వాళ్ళచేత చేయిస్తారు. ప్రయాణికుల కోపం వాళ్ళమీద పడుతుంది. 2006లో కుదిరి 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒడంబడిక, దేశాలకు రెండు దారులు చూపించింది. పనిగంటలకు గరిష్ఠ పరిమితి పెట్టొచ్చు, లేదా కనీస విశ్రాంతిని నిర్ణయించొచ్చు. విశ్రాంతి లెక్క తీసుకుంటే వారానికి కనీసం 77 గంటలు ఇవ్వాలి. వారంలో గంటలు 168. తీసివేత చేసి చూడండి. 91 గంటలు పని చేయించుకున్నా చట్టం తప్పినట్టు కాదు. ఇది కార్మికుల్ని రక్షించడానికి చేసిన ఒడంబడిక సుమా! నిజంగా సిబ్బంది మీద గౌరవముంటే ఆ 91 గంటల గురించి మాట్లాడాలి. మన గౌనూ సూటూ వాళ్ళకు గౌరవం కాదు, ఇంకో బుట్టెడు ఇస్త్రీ.

నాలుగోది, "పక్క బల్ల దగ్గర ఎవరో చెప్పులేసుకుని కూర్చుంటే నా సాయంత్రం పాడవుతుంది" అనేది. నిజాయితీగా చెప్పే మాట కాబట్టి దీన్ని మెచ్చుకుంటాను. అంటే నా ఒళ్ళు మీ గది అలంకరణలో భాగమన్నమాట. గోడకు తెర, బల్లమీద పూలు, కుర్చీలో నేను! ఒంటి వాసన, శుభ్రత, పక్కవాళ్ళ మీద దగ్గడం... ఇవి ఇతరులకు తగిలే విషయాలు, వాటికి నియమాలుండొచ్చు. నూలుచీర ఎవరికీ తగలదు. కంటికి ఇంపు కలగలేదన్నది నష్టం కాదు. ఆడవాళ్ళు చూపులకు ఇంపుగా ఉండటం ఇతరుల హక్కు అన్న భావన ఎక్కడినుంచి వచ్చిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని గనక ఒక కథ గుర్తొస్తోంది. మొపాసా 1884లో రాసిన 'నెక్లెస్' మనలో చాలామంది చదువుకున్నాం, పాఠం కూడా చెప్పాం. గుమాస్తా భార్య మెటిల్డా, మంత్రిగారి విందుకు 400 ఫ్రాంకుల గౌను కుట్టించుకుని, స్నేహితురాలి నగ అరువు తెచ్చుకుని, దాన్ని పోగొట్టుకుని, 36,000 ఫ్రాంకులకు అలాంటిదే కొనిచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుంటుంది. పోయింది గిల్టునగ అని చివర్లో తెలుస్తుంది. ఆడదాని ఆడంబరానికి తగిన శిక్ష అని పిల్లలచేత నోట్సు రాయిస్తాం. కానీ ఆ విందులో మొగుడేం చేశాడు? అర్ధరాత్రి నుంచీ ఒక చిన్నగదిలో హాయిగా నిద్రపోయాడు. తనని ఎవరూ చూడరు గనక నిద్రపోగలిగాడు. ఆడంబరం మెటిల్డాదే అనుకుందాం, మరి ఆమె ఉన్న గౌనుతో ఆ గుమ్మం దాటలేనని అనుకునేలా చేసిందెవరు? పిలుపు పంపి, ఏం వేసుకు రావాలో చెప్పకుండానే చెప్పిన ఆ విందు మర్యాద మీద మనం ఎప్పుడైనా ప్రశ్న ఇచ్చామా?

నేను అడుగుతున్నది చాలా కొంచెం. నాట్యశాల ఉంచుకోండి. సింగారించుకునే రాత్రిని పండగలా జరపండి, ఇష్టమున్నవాళ్ళు నగలూ గౌనులూ పట్టుచీరలతో రండి, చూసి మేమూ సంతోషిస్తాం. కానీ డబ్బు కట్టిన భోజనశాల గుమ్మంలో బట్టల తనిఖీ తీసెయ్యండి. 'ఇష్టముంటే' అన్న ఒక్క మాట ఆ కాగితంలో చేర్చండి. నియమం తీసేస్తే అందరూ గోచీలతో వస్తారని భయపడేవాళ్ళు, మనుషులు తమంతట తామే బాగా కనబడాలనుకుంటారని నమ్మనివాళ్ళు.

ఇక మన సంగతి. ఓడల కంపెనీలను తిట్టడం సుఖం, అవి దూరంగా ఉంటాయి. మన విశ్వవిద్యాలయాల్లో సెమినారు జరిగితే ముందురోజు ఎమ్.ఏ. అమ్మాయిలకు ఒక కబురు వెళ్తుంది, "రేపు పట్టుచీరల్లో రండమ్మా" అని. పేపరు చదవడానికి కాదు. వేదిక మీదికి పూలగుత్తులు, శాలువాలు, జ్యోతి వెలిగించే కొవ్వొత్తి పళ్ళెంలో పెట్టి అందించడానికి. అబ్బాయిలు కుర్చీలు సర్దుతారు, మామూలు చొక్కాల్లోనే. చీర లేని అమ్మాయి హాస్టల్లో గదిగదికీ తిరిగి అరువు తెచ్చుకుంటుంది. స్త్రీవాద సాహిత్యం మీద జరిగిన సదస్సుల్లో కూడా ఇది చూశాను. ఉపాధ్యాయినులు చీరే కట్టుకోవాలని బలవంతపెట్టకూడదని కేరళ ప్రభుత్వం 2021 నవంబరులో ప్రత్యేకంగా ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, ఈ బలవంతం ఎంత మామూలైపోయిందో ఆలోచించండి. ఇప్పుడు పెళ్ళి శుభలేఖల్లో కూడా హల్దీకి పసుపు, సంగీత్‌కి ఇంకో రంగు అని రాస్తున్నారు. రంగు చీర లేని పేద బంధువు ఏ పంక్తిలో కూర్చుంటుంది?

వచ్చే సెమినారుకు ఆ కబురు మన శాఖ నుంచి వెళ్ళకుండా ఆపగలమా? ఆ అమ్మాయిల చేతిలో పళ్ళేనికి బదులు పేపరు ఉండేలా చూడగలమా? అది మన చేతిలో ఉన్న పని. ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు.